దయ్యం కథకు సర్కారు సొమ్ము అడిగే పద్ధతి

హైదరాబాద్ కృష్ణానగర్‌లో కొత్త దర్శకులకు ప్రభుత్వ సాయం కోసం దరఖాస్తు ఫైళ్లు తయారుచేసి పెట్టడం నా పని. దయ్యం కథ పట్టుకొచ్చే ప్రతి ఒక్కరూ ముందు అడిగేది ఇదే: "మేడమ్, హారర్ అని రాయాలా, కుటుంబ కథ అని మార్చేయాలా?" మార్చకండి. ఇరవయ్యో పేజీలో చింతచెట్టు మీద కామిని దయ్యం కూర్చుని ఉంటే దాన్ని ఎక్కడ దాస్తారు? ఆ తర్వాత మీరు చెప్పే నిజాన్ని కూడా దరఖాస్తులు చూసే కమిటీ నమ్మదు.

హారర్‌కంటూ వేరే పద్దు కోసం వెతుకుతూ కూర్చోవద్దు. అందరూ తట్టే తలుపులే మనమూ తట్టాలి. కేంద్రంలో అయితే ఎన్‌ఎఫ్‌డీసీ, అంటే జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ. 1975లో పుట్టిన ఈ సంస్థలోనే 2022లో ఫిల్మ్స్ డివిజన్, బాలల చిత్ర సమితి కలిసిపోయాయి కనుక పాత చిరునామాలు పక్కన పడేయండి. తొలి సినిమా తీసేవారికి తానే నిర్మాతగా నిలవడం దాని పనుల్లో ఒకటి. అది దానం కాదు సుమా, హక్కుల సంగతి ఒప్పందంలో అక్షరం అక్షరం చదవండి. స్క్రిప్టు ఇంకా పచ్చిగా ఉంటే దాన్ని సానబెట్టుకోవడానికి వాళ్ల స్క్రీన్‌రైటర్స్ ల్యాబ్ మేలు. మన తెలంగాణ చలనచిత్రాభివృద్ధి సంస్థ కార్యాలయం మాసబ్‌ట్యాంక్‌లో ఉంది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం సినిమాలకు తొలిసారి ఇచ్చిన గద్దర్ అవార్డుల నగదును మాత్రం బడ్జెట్‌లో చూపకండి. అది సినిమా పూర్తయ్యాక, అదీ గెలిస్తే వచ్చే డబ్బు.

ఇక అసలు పని, ఈ సినిమా ఎందుకు తీస్తున్నారో చెప్పే దర్శకుడి మాట అనే ఆ ఒక్క పేజీ. ఒక కుర్రాడు ఊరి బావి కథ తెచ్చాడు. "ప్రేక్షకులు సీట్లోంచి ఎగిరిపడతారు" అని మొదలుపెట్టాడు. కొట్టేశాను. నీకు ఆ బావి అంటే ఎందుకు భయం అని అడిగితే కాసేపు గోళ్లు గిల్లుకుని చెప్పాడు: పొలం పంచాయితీలో అందులో దూకిన చిన్నత్త పేరు వాళ్లింట్లో ఇప్పటికీ ఎవరూ ఎత్తరట. ఆ వాక్యాన్నే పేజీ పైన పెట్టించాను. దయ్యం ఎంత భయపెడుతుందో కాదు, ఏ తప్పును కప్పిపుచ్చినందుకు వచ్చిందో చెప్పండి.

బడ్జెట్ దగ్గర మన జానర్ ఖర్చంతా చీకటిలోనూ చప్పుడులోనూ ఉంటుంది. రాత్రి కాల్‌షీట్లు, జనరేటర్, సిబ్బంది రోజువారీ బేటాలు విడివిడిగా వేయండి. సౌండ్ డిజైన్‌ను నేపథ్య సంగీతంతో కలిపి ఒకే అంకెగా రాస్తే అనుభవం లేదని వెంటనే తెలిసిపోతుంది. నల్లపిల్లి కావాలంటే జంతు సంక్షేమ మండలి అనుమతి ముందే తీసుకోవాలి. గుడ్లగూబ 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణలో ఉంది, దాన్ని గ్రాఫిక్స్‌లోకి నెట్టండి. గోల్కొండలో అర్ధరాత్రి సన్నివేశమా? కోట పురావస్తు శాఖది. అనుమతి కోసం తిరిగే ముందు పాడుబడ్డ గోడ ఒకటి సెట్ వేస్తే ఎంతవుతుందో లెక్క కట్టండి.

ఏ సెన్సార్ సర్టిఫికెట్ ఆశిస్తున్నారో కూడా రాయాలి. 2024 నుంచి యూఏలో 7, 13, 16 ఏళ్ల మెట్లు వచ్చాయి. పెద్దలకు మాత్రమే అనే 'ఎ' వస్తే టీవీ ప్రసారానికి తలుపు మూసుకున్నట్టే, అంటే రాబడి లెక్క మారుతుంది.

ఇక్కడ కుదరకపోతే దక్షిణ కొరియాలోని బుచాన్ ఫాంటసీ చిత్రోత్సవానికి అనుబంధంగా జరిగే నాఫ్‌కు, అంటే ఇంకా తీయని సినిమాల ప్రాజెక్టులను నిర్మాతల ముందు పెట్టే వేదికకు, పంపండి. అక్కడ హారర్ అన్న మాటకు ఎవరూ ముఖం చిట్లించరు. పంపే ముందు స్క్రిప్టును రచయితల సంఘంలో రిజిస్టరు చేయించి, ఆ రసీదు నకలు ఫైల్లో పెట్టుకోండి.