మెదక్ చర్చికి ఒంగోలు నుంచి వెళ్తున్నారా? ముందు ఎండ సంగతి చూసుకోండి

మెదక్ చర్చి ముందు సెల్ఫీ దిగి, లోపల ఒక చుట్టు తిరిగి పది నిమిషాల్లో బయటపడేవాళ్లే ఎక్కువ. అంతమాత్రానికి రాత్రంతా ట్రైన్‌లో పోవడం ఎందుకు? అక్కడ అసలు చూడాల్సింది రంగు గాజు కిటికీలు, వాటికి వెనక నుంచి ఎండ పడాలి, కాబట్టి ప్లాన్ అంతా పొద్దును బట్టే వేసుకోండి.

ఒంగోల్లో రాత్రి సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే సికింద్రాబాద్‌లో దిగొచ్చు. అక్కడి జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి మెదక్‌కు బస్సులుంటాయి, దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు. ఆదివారం, క్రిస్మస్ రోజులు ఆరాధనకైతే సరే, తీరిగ్గా చూడాలంటే మాత్రం మామూలు రోజే మేలు.

గేటు దాటగానే లోపలికి పరిగెత్తకండి. దూరంగా నిలబడి 175 అడుగుల ఆ గోపురాన్ని కింది నుంచి చూడండి, చూపు ఎక్కడా ఆగకుండా పైకే పోతుంది, గోతిక్ (యూరప్‌లో పాతకాలపు చర్చిలు కట్టిన తీరు) పద్ధతిలో కట్టేవాళ్లు కోరుకునేదే అది. కమానులు పైన మొనదేలి ఉంటాయి. గుండ్రటి కమాను కన్నా ఇవి బరువును పక్కలకు తక్కువ నెట్టి కిందికి దించుతాయి, అందుకే ఈ పద్ధతిలో గోడలకు అంతంత కిటికీలు పెట్టగలిగారు.

లోపల కాసేపు బెంచీ మీద కూర్చోండి, కళ్లు అలవాటు పడాలి. ఇంగ్లాండ్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసిన కిటికీలు మూడు: బలిపీఠం పైన క్రీస్తు ఆరోహణం (పరలోకానికి వెళ్లడం), తూర్పున శిలువ, పడమర జననం. పొద్దున తూర్పుది చూసి, భోంచేసి వచ్చి పడమటిది చూడండి. ఫోన్‌లో జూమ్ చేస్తే గాజు ముక్కల అంచుల్లో లావుపాటి నల్ల గీతలు కనిపిస్తాయి, అవి రంగు కాదు, ముక్కల్ని పట్టి ఉంచే సీసం పట్టీలు. ప్రార్థన జరుగుతుంటే మాత్రం ఫోన్ జేబులోనే ఉండనివ్వండి. చీకటి పడ్డాక లోపల్నుంచి చూస్తే ఈ కిటికీల్లో ఏమీ కనిపించదు.

అన్నట్టు, కరువు రోజుల్లో జనానికి పని చూపించి తిండి పెట్టడానికి మిషనరీ పోస్నెట్ దొర మొదలుపెట్టిన కట్టడం ఇది, 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. మనకిది కొత్త కథేం కాదు, 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి పని ఇచ్చాడు. పిల్లల్ని తీసుకెళ్తే ఈ రెండూ కలిపి చెప్పండి.

తిరుగు టికెట్ రాత్రి ట్రైన్‌కే తీసుకోండి, సాయంత్రం ట్రైన్ అయితే పడమటి కిటికీ చూడకుండానే బస్టాండుకు ఉరకాల్సి వస్తుంది.