కోడ్‌బ్లాక్స్ మనకు నచ్చినట్టు – 4వ పాఠం: రంగుల థీమ్ తెచ్చుకోవడం

పోయిన పాఠంలో, ప్రోగ్రామ్‌లు రాసుకునే సాఫ్ట్‌వేర్ అయిన కోడ్‌బ్లాక్స్‌లో ఫాంట్, ట్యాబ్ వెడల్పు సరిచేసుకున్నాం. ఇక రంగులు. కీవర్డ్, కామెంట్, స్ట్రింగ్, నంబర్ అంటూ ఒక్కోదానికి రంగు ఎంచుకుంటూ కూర్చుంటే పూట గడిచిపోతుంది. కోడ్‌బ్లాక్స్‌తో పాటే వచ్చే ‘సీబీ షేర్ కాన్ఫిగ్’ అనే చిన్న యుటిలిటీ ఇందుకే ఉంది. ఒకరి సెట్టింగ్స్‌లోంచి మనకు కావలసిన ముక్కను మాత్రమే తీసి మన ఫైల్లో పెడుతుంది.

ముందుగా కోడ్‌బ్లాక్స్‌ను పూర్తిగా మూసేయండి. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. అది మూసుకునేటప్పుడు తన దగ్గరున్న పాత సెట్టింగ్స్‌ను మళ్లీ ఫైల్లో రాసేస్తుంది, మీరు తెచ్చిన రంగులన్నీ పోతాయి.

సెట్టింగ్స్ అన్నీ ‘డీఫాల్ట్ డాట్ కాన్ఫ్’ అనే ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో ఉంటాయి. విండోస్‌లో యాప్‌డేటా, రోమింగ్ లోపల కోడ్‌బ్లాక్స్ ఫోల్డర్లో చూడండి. లినక్స్‌లో హోమ్ ఫోల్డర్లో దాగి ఉండే డాట్ కాన్ఫిగ్ లోపల దొరుకుతుంది. దానికొక కాపీ తీసి వేరేచోట పెట్టుకోండి. ఏది తేడా కొట్టినా ఆ కాపీని తిరిగి పెడితే చాలు.

ఇప్పుడు యుటిలిటీ తెరవండి. విండోస్‌లో కోడ్‌బ్లాక్స్ ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్లోనే ఉంటుంది. ఎడమవైపు సోర్స్‌గా వేరేవాళ్ల దగ్గర్నుంచి తెచ్చుకున్న థీమ్ ఫైల్ (రంగుల సెట్టింగ్స్ ఉన్న కాన్ఫ్ ఫైల్), కుడివైపు డెస్టినేషన్‌గా మన డీఫాల్ట్ డాట్ కాన్ఫ్ ఎంచుకోండి. ఎడమ జాబితాలో ‘కలర్ సెట్స్’ అని ఉన్నదానికి మాత్రమే టిక్ పెట్టి ట్రాన్స్‌ఫర్, ఆ తర్వాత సేవ్ నొక్కండి. సేవ్ నొక్కేదాకా అసలు ఫైల్లో ఏమీ మారదు.

అన్నిటికీ టిక్ పెట్టేస్తే ఏమవుతుంది? ఫ్రెండ్ తన మొత్తం ఫైల్ ఇచ్చాడనుకోండి, అందులో కంపైలర్ (మన కోడ్‌ను కంప్యూటర్ నడపగలిగే ప్రోగ్రామ్‌గా మార్చేది) ఎక్కడుందో చెప్పే దారి కూడా ఉంటుంది. అది వాళ్ల కంప్యూటర్‌ది. మీ దగ్గర బిల్డ్ నొక్కగానే కంపైలర్ దొరకలేదని ఎర్రర్ వస్తుంది. రంగులు మార్చబోతే కంపైలర్ ఎందుకు ఆగిందో తెలియక కొత్తవాళ్లు టెన్షన్ పడేది ఇక్కడే.

కోడ్‌బ్లాక్స్ తెరిచి సెట్టింగ్స్, ఎడిటర్, సింటాక్స్ హైలైటింగ్‌కి వెళ్లండి. పైన కలర్ థీమ్ జాబితాలో కొత్త పేర్లు కనిపిస్తాయి. ఒకటి ఎంచుకుని ఓకే చేయండి.

డార్క్ థీమ్ తీసుకుంటే కర్సర్ మాయమైనట్టు అనిపించవచ్చు. నల్లటి కర్సర్ నల్లటి నేపథ్యంలో కలిసిపోతుంది, అంతే. 20.03 వెర్షన్లో సెట్టింగ్స్, ఎన్విరాన్‌మెంట్, కలర్స్‌లోకి వెళ్లి క్యారెట్ (అక్కడ కర్సర్‌కున్న పేరు) రంగును తెలుపు చేయండి.

కామెంట్లు మరీ మసకగా ఉన్న థీమ్ మాత్రం వద్దని నా సలహా. చూడ్డానికి బాగుంటుంది గానీ, నేర్చుకునే రోజుల్లో కామెంట్లే మనకు ఆధారం.

అభ్యాసం: ఒక డార్క్ థీమ్, ఒక లైట్ థీమ్ ఎంచుకుని, ఒకే ప్రోగ్రామ్‌ను రెండింటిలోనూ చదవండి. కామెంట్ రంగు కళ్లకు ఆనకపోతే అదే సింటాక్స్ హైలైటింగ్ పేజీలో మార్చుకోండి. 5వ పాఠంలో కీబోర్డ్ షార్ట్‌కట్లు చూద్దాం.