కార్యాలయ ప్రవర్తనను అధ్యయనం చేయడానికి వ్యక్తిత్వం గల కంప్యూటర్ ఏజెంట్లను రూపొందించడం ఎలా?

ఇక్కడ ఏజెంటు అంటే ప్రోగ్రాములో ఒక ఉద్యోగి పాత్ర పోషిస్తూ, మనం రాసిన నియమాల ప్రకారం నిర్ణయాలు తీసుకునే పాత్ర. అలాంటి ఏజెంట్లను కలిపి నడిపి ఏం జరుగుతుందో చూడడమే సిమ్యులేషన్. ముందుగా ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోవాలి. "మంచి బృందం ఎలా ఉంటుంది?" అనే ప్రశ్నకు సిమ్యులేషన్ జవాబు చెప్పలేదు. "అడిగిన ప్రతివారికీ సాయం చేసే ఉద్యోగులు ఎక్కువైతే బృందం పని త్వరగా తెములుతుందా, లేక వారి సొంత పనే వెనకబడుతుందా?" అనే ప్రశ్నకైతే జవాబును లెక్కించవచ్చు.

తరువాత వ్యక్తిత్వాన్ని అంకెల్లోకి తేవాలి. మనుషులను 16 రకాలుగా విడదీసే మయర్స్-బ్రిగ్స్ పద్ధతి ఎంత ప్రచారంలో ఉన్నా, అదే వ్యక్తి కొన్ని వారాల తరువాత మళ్ళీ పరీక్ష రాస్తే వేరే రకంలో తేలడం తరచుగా కనిపిస్తుంది. అందువల్ల పరిశోధకులు ఎక్కువగా వాడే ఐదు లక్షణాల నమూనాను ఎంచుకోవడం మేలు. కొత్తదనంపై ఆసక్తి, కర్తవ్యదీక్ష, బహిర్ముఖత్వం, సౌమనస్యం, ఆందోళన పడే స్వభావం అనేవి ఆ ఐదు. ఒక్కో లక్షణానికి 0 నుంచి 1 వరకు విలువ ఇవ్వాలి. మనుషుల్లో ఎక్కువమంది మధ్యస్థంగానే ఉంటారు గనుక విలువలు కూడా మధ్యలోనే గుమిగూడేలా చూడాలి.

అసలు కష్టమంతా నియమాలు రాయడంలోనే ఉంది. "కర్తవ్యదీక్ష ఎక్కువున్న ఏజెంటు ఎక్కువ పని పూర్తి చేస్తుంది" అని నియమం పెట్టి, చివరికి అలాంటి బృందమే ముందుందని తేల్చడమంటే, మనం దాచిన వస్తువును మనమే వెతికి తీసినట్టే. నియమం ఫలితాన్ని చెప్పకూడదు, చిన్న నిర్ణయాన్ని మాత్రమే చెప్పాలి. ప్రవర్తన పరిస్థితిని బట్టి ఎంతగానో మారుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త వాల్టర్ మిషెల్ 1968లోనే బలంగా వాదించారు కాబట్టి, ఆ నిర్ణయంలో పరిస్థితికీ చోటు ఉండాలి. మన ఉదాహరణలో, సాయానికి ఒప్పుకునే అవకాశం సౌమనస్యంతో పాటు పెరగాలి, చేతిలో మిగిలిన పని పెరిగేకొద్దీ తగ్గాలి. ఒకసారి సాయం పొందినవారు మళ్ళీ ఆ ఏజెంటు దగ్గరికే వెళ్ళాలన్నది రెండో నియమం. భారం కొందరి మీదే పేరుకుంటుందా లేదా అన్నది ఇక మనం చెప్పకుండానే తెరపై తేలుతుంది.

దీన్ని నిర్మించడానికి, ఇలాంటి నమూనాల కోసమే ఉన్న సాఫ్ట్‌వేర్లలో నెట్‌లోగో గానీ, పైథాన్ ప్రోగ్రామింగ్ భాష తెలిసినవారికి మెసా గానీ సరిపోతాయి.

యాదృచ్ఛికత వల్ల ఒక్క పరుగు ఫలితం మోసం చేయవచ్చు. అందుకే అవే విలువలతో కనీసం 100 సార్లు నడిపి, సగటుతో పాటు ఫలితాలు ఎంత చెదిరి ఉన్నాయో కూడా చూడాలి. ఆపైన ఏజెంట్లందరికీ ఒకే సగటు వ్యక్తిత్వం ఇచ్చి మరోసారి నడపాలి. ఈ మెట్టును చాలామంది వదిలేస్తారు, కానీ నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా విలువైనది. అప్పుడూ అదే ఫలితం వస్తే, మన నమూనాలో వ్యక్తిత్వాల మధ్య తేడాలకు ఏ పాత్రా లేదన్నమాట.

ఫలితాన్ని నిజమైన బృందాల సమాచారంతో పోల్చాలి. విలువలను సరిదిద్దడానికి వాడిన సమాచారాన్నే పరీక్షకూ వాడకూడదు. ఉద్యోగుల వివరాలను వారి అనుమతితో, పేర్లు తొలగించి మాత్రమే తీసుకోవాలి. ఏజెంటు ప్రవర్తనను చూపించి ఏ ఉద్యోగి నియామకాన్నీ పదోన్నతినీ నిర్ణయించకూడదు.

చివరగా, ఇలాంటి నమూనాలను వివరించడానికి 2006లో ప్రతిపాదించిన ఓడీడీ (ఓవర్‌వ్యూ, డిజైన్ కాన్సెప్ట్స్, డీటెయిల్స్) పద్ధతిలో నియమాలు, విలువలు, అవి జరిగే వరుస అన్నీ రాసిపెట్టాలి. ప్రోగ్రామును చూడకుండా, ఆ పత్రం ఒక్కటే చదివి మరొకరు అదే నమూనాను కట్టగలిగేంత వివరంగా అది ఉండాలి.