లినక్స్ డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్‌ను సరిగ్గా అమర్చుకోవడం ఎలా?

తెర రిజల్యూషన్ 1024×768 దగ్గరే ఆగిపోయి అంతకు మించి పెరగకపోవడం, చిన్న వీడియో పెట్టినా ప్రాసెసర్ ఫ్యాను హోరెత్తిపోవడం, రెండో మానిటర్ తగిలించినా సిస్టమ్ దాన్ని గుర్తించకపోవడం వంటివి పైకి వేర్వేరు సమస్యల్లా కనిపించినా, చాలా సందర్భాల్లో వాటి మూలం ఒక్కటే. గ్రాఫిక్స్ కార్డును నడపాల్సిన కెర్నల్ మాడ్యూల్ (లినక్స్ కేంద్ర భాగమైన కెర్నల్‌లో చేరే చిన్న ప్రోగ్రాము) లోడ్ కాలేదు, లేదా దాని స్థానంలో మరొకటి వచ్చి కూర్చుంది. అందువల్ల కొత్త డ్రైవర్ కోసం వెతకడానికి ముందే, ప్రస్తుతం కార్డు ఏ మాడ్యూల్ చేతిలో ఉందో తెలుసుకోవాలి.

కమాండ్లను ఈ వ్యాసంలో పలికే తీరులో తెలుగు లిపిలోనే రాశాను. టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి.

కార్డును గుర్తించడం

టెర్మినల్ తెరిచి ఎల్‌ఎస్‌పీసీఐ కమాండుకు ఎన్‌ఎన్‌కే అనే ఆప్షన్‌ను జోడించి నడిపితే, మదర్‌బోర్డుకు తగిలించి ఉన్న పరికరాలన్నీ వరుసగా వస్తాయి. వాటిలో వీజీఏ కంపాటిబుల్ కంట్రోలర్ అనిగానీ, 3డీ కంట్రోలర్ అనిగానీ ఉన్న వరుసను చూడాలి. అందులో చదరపు బ్రాకెట్లలో కనిపించే సంకేతంలో మొదటి భాగం 8086 అయితే కార్డు ఇంటెల్‌ది, 1002 అయితే ఏఎమ్‌డీది, 10డీఈ అయితే ఎన్‌విడియాది. దాని కింద "కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్" అనే వరుస ఉంటుంది. మనకు అసలు కావలసింది ఇదే. ఈ వరుసే లేకపోతే కార్డును ఏ మాడ్యూలూ చేపట్టలేదని అర్థం.

మాడ్యూల్ ఉన్నంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. డ్రైవర్ అని మనం ఒకే మాటగా అంటున్నదానిలో నిజానికి రెండు భాగాలున్నాయి. ఒకటి కెర్నల్ లోపల ఉండి కార్డుతో నేరుగా మాట్లాడే మాడ్యూల్. రెండోది అప్లికేషన్లు వాడుకునే లైబ్రరీ. ఇంటెల్, ఏఎమ్‌డీ కార్డులకు ఈ రెండో భాగాన్ని మేసా అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు అందిస్తుంది. ఈ భాగం పనిచేస్తోందో లేదో చూడటానికి జీఎల్‌ఎక్స్‌ఇన్ఫో కమాండును పెద్ద బీ ఆప్షన్‌తో నడపాలి. డెబియన్, ఉబుంటు అనే లినక్స్ పంపిణీల్లో ఇది మేసా-యుటిల్స్ ప్యాకేజీలో ఉంటుంది. వచ్చిన సమాచారంలో రెండరర్ అన్నచోట మీ కార్డు పేరు కనిపిస్తే అంతా సవ్యంగా ఉన్నట్టే. అక్కడ ఎల్‌ఎల్‌వీఎమ్‌పైప్ అని ఉంటే మాత్రం, కార్డు చేయాల్సిన పనినంతా ప్రాసెసర్ ఒంటరిగా మోస్తోందని గ్రహించాలి.

దేన్నైనా మార్చే ముందు తిరుగు దారి

డ్రైవర్ మార్చాక నల్లటి తెర ఎదురవడం అరుదేమీ కాదు. ఆ స్థితిలో ఏం చేయాలో ముందే కాగితం మీద రాసి పెట్టుకోవాలన్నది నా సలహా, ఎందుకంటే తెర నల్లబడ్డాక ఈ వ్యాసాన్ని అదే కంప్యూటర్‌లో తెరవడం కుదరదు. మొదట కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలను కలిపి నొక్కితే చాలాసార్లు అక్షరాల కన్సోల్ వస్తుంది. అక్కడ లాగిన్ అయి కొత్త ప్యాకేజీని తీసేయవచ్చు. అదీ రాకపోతే మళ్లీ బూట్ చేసి, గ్రబ్ మెనూలో (కంప్యూటర్ లేవగానే ఏ సిస్టమ్‌ను తెరవాలో ఎంచుకునే తెరలో) ఇ మీట నొక్కి, లినక్స్ అనే పదంతో మొదలయ్యే వరుస చివర నోమోడ్‌సెట్ అని చేర్చి, కంట్రోల్, ఎక్స్ నొక్కాలి. అలా చేర్చినది ఆ ఒక్క బూట్‌కే వర్తిస్తుంది.

ఈ నోమోడ్‌సెట్ తాత్కాలిక ఉపాయమే తప్ప పరిష్కారం కాదు. తెర మోడ్‌ను కెర్నలే నేరుగా అమర్చే పద్ధతి 2009లో లినక్స్ 2.6.29తో మొదట ఇంటెల్ కార్డులకు వచ్చింది. నేటి డ్రైవర్లు దాని మీదే ఆధారపడి ఉన్నాయి, ఈ పదం దాన్నే ఆపేస్తుంది.

ఇంటెల్, ఏఎమ్‌డీ కార్డులు

ఈ రెండు కంపెనీల కార్డులకు విడిగా డ్రైవర్ దింపుకోవాల్సిన అవసరం దాదాపు ఉండదు. ఇంటెల్‌కు ఐ915, మరీ కొత్త చిప్‌లకు ఎక్స్‌ఈ, ఏఎమ్‌డీకి 2015లో లినక్స్ 4.2తో వచ్చిన ఏఎమ్‌డీజీపీయూ మాడ్యూళ్లు కెర్నల్‌తోపాటే వస్తాయి. అయినా పనిచేయడం లేదంటే రెండు చోట్ల చూడాలి. ఒకటి, ఇన్‌స్టాల్ చేసే సమయంలో సేఫ్ గ్రాఫిక్స్ మోడ్‌ను ఎంచుకుని ఉంటే, నోమోడ్‌సెట్ అనే పదం బూట్ సెట్టింగుల్లో శాశ్వతంగా ఉండిపోయి ఉండవచ్చు. ప్రాక్ డైరెక్టరీలోని సీఎమ్‌డీలైన్ ఫైలును క్యాట్ కమాండుతో చదివితే ఆ సంగతి తేలిపోతుంది. ఉంటే, ఈటీసీ డైరెక్టరీలోని డీఫాల్ట్ ఫోల్డర్‌లో ఉండే గ్రబ్ ఫైలులోంచి ఆ పదాన్ని తీసేసి, ఉబుంటు, డెబియన్‌లలో అప్‌డేట్-గ్రబ్ నడపాలి.

రెండోది ఫర్మ్‌వేర్. కార్డు లేవగానే దానిలోకి ఎక్కించాల్సిన చిన్న ఫైళ్లు కొన్ని ఉంటాయి. అవి లేకపోతే మాడ్యూల్ లోడైనా కార్డు పనిచేయదు. డీఎమ్‌ఈఎస్‌జీ కమాండు చూపించే సందేశాల్లో ఫర్మ్‌వేర్ అన్న మాట పక్కన ఫెయిల్డ్ అని ఉంటే కారణం అదే. డెబియన్ 12 నుంచి ఈ ఫైళ్లకు నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అనే ప్రత్యేక విభాగం ఉంది.

ఎన్‌విడియా కార్డులు

ఇక్కడే కాస్త ఓపిక కావాలి. ఈ కార్డులకు 2010 నుంచి కెర్నల్‌లో ఉన్న నూవో అనే ఓపెన్ సోర్స్ మాడ్యూల్ ఒకటి, కంపెనీ ఇచ్చే డ్రైవర్ మరొకటి ఉన్నాయి. ఒకే కార్డును రెండూ ఒకేసారి నడపలేవు. కంపెనీ డ్రైవర్ కావాలనుకున్నవారు దాన్ని కంపెనీ సైటు నుంచి నేరుగా దింపుకోకుండా, తమ పంపిణీ ఇచ్చే ప్యాకేజీనే వాడటం మంచిది. కారణం సులువైనదే. ఈ మాడ్యూల్‌ను ఒక్కో కెర్నల్ వెర్షన్‌కు విడిగా తయారు చేయాల్సి ఉంటుంది. ప్యాకేజీ ద్వారా పెట్టుకుంటే, కెర్నల్ మారినప్పుడల్లా ఆ పని వెనుక నుంచి దానంతటదే జరిగిపోతుంది. సైటు నుంచి చేత్తో పెట్టుకుంటే, ఏదో ఒక ఉదయం మామూలు అప్‌డేట్ తర్వాత డెస్క్‌టాప్ రాకపోవచ్చు.

ఉబుంటులో ఉబుంటు-డ్రైవర్స్ కమాండుకు డివైసెస్ అని చేర్చి నడిపితే కార్డుకు సరిపోయే వెర్షన్లు, వాటిలో సిఫారసు చేసినది కనిపిస్తాయి. డివైసెస్‌కు బదులు ఇన్‌స్టాల్ అంటే ఆ సిఫారసు చేసినదే వస్తుంది. డెబియన్‌లో నాన్-ఫ్రీ విభాగాన్ని చేర్చి ఎన్‌విడియా-డ్రైవర్ ప్యాకేజీని పెట్టుకోవాలి. ఫెడోరాలో ఆర్‌పీఎమ్ ఫ్యూజన్ రిపాజిటరీలోని ఏక్‌మాడ్-ఎన్‌విడియాను పెట్టాక, మాడ్యూల్ తయారయ్యేవరకు కొన్ని నిమిషాలు ఆగి, ఆ తర్వాతే రీబూట్ చేయాలి. తొందరపడి వెంటనే రీబూట్ చేసి, డ్రైవర్ పనిచేయలేదని దాన్ని తీసేసేవారు తక్కువేమీ కాదు. మాడ్యూల్ మీ కంప్యూటర్‌లోనే తయారయ్యేచోట, యూనేమ్ కమాండు ఆర్ ఆప్షన్‌తో చూపించే కెర్నల్ వెర్షన్‌కు సరిపోయే హెడర్ ఫైళ్లు (ఆ తయారీకి కావలసిన కెర్నల్ ఫైళ్లు) సిస్టమ్‌లో ఉండాలి.

నూవోను పక్కన పెట్టే పని కూడా సాధారణంగా ప్యాకేజీలే చేసేస్తాయి. చేయకపోతే, ఈటీసీలోని మాడ్‌ప్రోబ్.డీ ఫోల్డర్‌లో ఒక ఫైలు సృష్టించి, బ్లాక్‌లిస్ట్ నూవో అని ఒక వరుస రాసి, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌ను (బూట్ తొలి దశలో కెర్నల్ వాడే ఫైళ్ల కట్టను) మళ్లీ తయారు చేయాలి. ఈ రెండో పని మరిచిపోతే మొదటిది చేసినా ఫలితం ఉండదు, ఎందుకంటే బూట్ తొలి దశలో చదివేది పాత ప్రతినే. డెబియన్, ఉబుంటులలో దీనికి అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్, ఫెడోరాలో డ్రాకట్ ఉన్నాయి.

సెక్యూర్ బూట్ (నమ్మదగిన సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే బూట్‌లో అనుమతించే రక్షణ) ఆన్‌లో ఉన్న కంప్యూటర్లలో మరో మెట్టు ఉంది. సంతకం లేని మాడ్యూల్‌ను కెర్నల్ లోపలికి రానివ్వదు. అందువల్ల ఉబుంటులో ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఒక పాస్‌వర్డ్ అడగవచ్చు. తర్వాతి రీబూట్‌లో నీలిరంగు తెర ఒకటి వచ్చి, ఏదైనా మీట నొక్కమని కొద్ది సెకన్లు మాత్రమే ఎదురుచూస్తుంది. అప్పుడు మీట నొక్కి, ఎన్‌రోల్ ఎమ్‌ఓకే ఎంచుకుని, ఆ పాస్‌వర్డే ఇవ్వాలి. కంప్యూటర్ బూట్ అవుతుంటే టీ తెచ్చుకోవడానికి లేచి వెళ్లేవారికి ఆ తెర కనిపించనే కనిపించదు.

2022 మే నెలలో కంపెనీ తన కెర్నల్ మాడ్యూళ్లకు ఓపెన్ సోర్స్ రూపాన్ని కూడా విడుదల చేసింది. ఇది ట్యూరింగ్ తరం, అంటే ఆర్‌టీఎక్స్ 20, జీటీఎక్స్ 16 శ్రేణులు, ఆ తర్వాత వచ్చిన కార్డులకు పనిచేస్తుంది. ప్యాకేజీ పేరులో ఓపెన్ అన్న మాట ఉంటే దాని అర్థం ఇదే. అంతకంటే పాత కార్డు ఉన్నవారు ఆ ప్యాకేజీని ఎంచుకోకూడదు.

అప్‌డేట్ తర్వాత, కార్డు స్థితిని చూపే ఎన్‌విడియా-ఎస్‌ఎమ్‌ఐ కమాండు "వెర్షన్ మిస్‌మ్యాచ్" అంటే కంగారు అక్కర్లేదు. మొదట్లో చెప్పుకున్న రెండు భాగాల్లో లైబ్రరీ కొత్తదైంది, మెమరీలో ఉన్న మాడ్యూల్ ఇంకా పాతదే. రీబూట్ చేస్తే సరిపోతుంది.

రెండు కార్డులున్న ల్యాప్‌టాప్‌లు

వీటిలో తెరను సాధారణంగా ప్రాసెసర్‌లోని చిన్న కార్డే నడుపుతుంది. పెద్ద కార్డును అవసరమైన ప్రోగ్రాముకు మాత్రమే అప్పగిస్తే బ్యాటరీ ఎక్కువసేపు నిలుస్తుంది. రెండు కార్డులూ మేసాతో నడిచేవైతే, ప్రోగ్రాము పేరుకు ముందు డీఆర్‌ఐ_ప్రైమ్=1 అని చేర్చాలి. పెద్దది ఎన్‌విడియాదై కంపెనీ డ్రైవర్‌తో నడుస్తుంటే, చాలా పంపిణీల్లో ప్రైమ్-రన్ అనే చిన్న స్క్రిప్టు అదే పని చేస్తుంది.

ఎక్స్‌ఆర్గ్ ఫైలు రాయడం ఎప్పుడు?

పాత గైడ్లలో, తెర మీద డెస్క్‌టాప్‌ను చూపే ఎక్స్ సర్వర్ (ఎక్స్‌ఆర్గ్) అనే ప్రోగ్రాముకు సెట్టింగులిచ్చే ఎక్స్‌ఆర్గ్.కాన్ఫ్ ఫైలు రాయడమే మొదటి మెట్టుగా ఉంటుంది. ఇప్పుడు ఎక్స్ సర్వర్ కార్డును తానే కనిపెడుతుంది, ఎక్స్ సర్వర్ స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి అయిన వేలాండ్ సెషన్ అయితే ఆ ఫైలును అసలు చదవదు. కాబట్టి పాత ఫైలేదైనా ఉంటే పేరు మార్చి పక్కన పెట్టి చూడటమే మంచిది. సర్వర్ రెండు కార్డుల్లో తప్పుదాన్ని పట్టుకుంటున్నప్పుడు మాత్రం ఆ ఫైలు డివైస్ సెక్షన్‌లో బస్ఐడీ, అంటే కార్డు చిరునామా రాయాల్సి వస్తుంది. ఇక్కడ ఒకసారి నా సాయంత్రమంతా వృథా అయింది. ఎల్‌ఎస్‌పీసీఐ నా కార్డు చిరునామాను 0ఏ:00.0 అని చూపితే నేను అలాగే దించి రాశాను, సర్వర్ మాత్రం కార్డు లేదనే అంది. ఆ చిరునామా పదహారు ఆధారంగా ఉన్న సంఖ్య. ఎక్స్‌ఆర్గ్ దాన్ని దశాంశంలో ఆశిస్తుంది. అంటే 0ఏకు బదులు 10 వేసి, పీసీఐ:10:0:0 అని రాయాలి. చిరునామాలో మొదటి రెండంకెలు 09 దాటనంతవరకు ఈ తేడా బయటపడదు.

ఎక్స్ సర్వర్ లేవకపోతే వార్ డైరెక్టరీలోని లాగ్ ఫోల్డర్‌లో ఎక్స్‌ఆర్గ్.0.లాగ్ ఫైలును తెరిచి, రెండు ఇంగ్లీషు ఇ అక్షరాలు బ్రాకెట్లలో ఉన్న వరుసలను మాత్రమే చదవాలి. సర్వర్ మామూలు యూజర్ కింద నడిచే పంపిణీల్లో ఇదే ఫైలు హోమ్ డైరెక్టరీలోని .లోకల్ ఫోల్డర్ లోపల దొరుకుతుంది. క్రితం బూట్‌లో కెర్నల్ ఏమందో కావాలంటే జర్నల్‌సీటీఎల్ కమాండుకు కె, బి -1 ఆప్షన్లు ఇవ్వాలి.

ఫ్రీబీఎస్‌డీ వాడేవారికి

ఫ్రీబీఎస్‌డీ లినక్స్‌లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్. పద్ధతి ఇదే, పేర్లే వేరు. కార్డును పీసీఐకాన్ఫ్‌తో గుర్తించి, డీఆర్‌ఎమ్-కేమాడ్ ప్యాకేజీని పెట్టి, ఇంటెల్ అయితే ఐ915కేఎమ్‌ఎస్, కొత్త ఏఎమ్‌డీ అయితే ఏఎమ్‌డీజీపీయూ పేరును ఆర్‌సీ.కాన్ఫ్‌లోని కేఎల్‌డీ_లిస్ట్‌కు చేర్చాలి. పాత అలవాటు కొద్దీ లోడర్.కాన్ఫ్‌లో పెట్టకూడదు. చివరగా, మీ యూజర్‌ను వీడియో గ్రూపులో చేర్చాలి. అది మరిచిపోతే మాడ్యూల్ లోడైనా రెండరర్ దగ్గర మళ్లీ ఎల్‌ఎల్‌వీఎమ్‌పైప్ పేరే కనిపిస్తుంది.