ముందు స్టూళ్లు కొనండి

మీరు కొత్తగా షాపు పెడుతున్నా, ఉన్న షాపులో మనుషులు నిలవడం లేదని బాధపడుతున్నా ముందు ఒక పని చెయ్యండి. ఒకరోజు పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడండి. గల్లా దగ్గర కాదు, కౌంటర్ వెనక. గోడకి ఆనుకోకూడదు, ఫోన్ తియ్యకూడదు, బాత్రూంకి వెళ్లాలంటే ఎవరినో ఒకరిని అడిగి వెళ్లాలి. నేను మధ్యాహ్నం మూడింటికే చేతులెత్తేశాను. ఆ సాయంత్రమే స్టూళ్లకి ఆర్డరిచ్చాను.

మాది రాజమండ్రి తాడితోటలో చీరల షాపు. స్టాఫ్ పద్నాలుగు మంది, అందులో తొమ్మిది మంది ఆడవాళ్లు. నాన్నగారి రోజుల్లో తెల్లదుప్పటి పరిచిన పరుపుల మీద అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఎదురెదురుగా కూర్చునేవారు. నేను వచ్చాక ఏసీ, గ్లాసు కౌంటర్లు పెట్టించాను. పరుపులు పోయాయి. కొనేవాళ్లకి కుర్చీలొచ్చాయి, అమ్మేవాళ్లకి ఏమీ రాలేదు. ఆ సంగతి ఎనిమిదేళ్ల పాటు నాకు తట్టనే లేదు.

స్టూళ్లు వేసినంత మాత్రాన ఎవరూ కూర్చోరు, ఇది గుర్తుపెట్టుకోండి. మొదటి వారమంతా నేను మెట్లెక్కుతున్న చప్పుడు వినగానే అందరూ లేచిపోయేవారు. మా సీనియర్ సేల్స్‌మన్ ఒకాయన ఉన్నారు, నేను నిక్కర్లేసుకునే రోజుల నుంచీ నన్ను ఎరుగుదురు, నేను బాబాయ్ అనే పిలుస్తాను. ఆయన్ని అడిగాను. "కూర్చోమని చెప్పారు, బాగుంది అబ్బాయిగారూ. మేం కూర్చుని కనబడినప్పుడు మీ మొహం ఎలా ఉంటుందో అద్దంలో చూసుకున్నారా?" అన్నారు. మా షాపులో అద్దాలకి కొదవ లేదు. చూసుకున్నాను.

ఇదేదో నా ధర్మగుణం అనుకోకండి. కేరళలో కోజికోడ్ మిఠాయి వీధి షాపుల్లో పనిచేసే ఆడవాళ్లు ముందు బాత్రూంల కోసం, తర్వాత కూర్చోవడం కోసం ఏళ్ల తరబడి పోరాడారు. వాళ్లని నడిపించిన విజి అనే ఆవిడ స్వయంగా దర్జీ. 2018లో అక్కడి ప్రభుత్వం షాపుల చట్టాన్ని సవరించి, స్టాఫ్‌కి సీటు ఉండాల్సిందేనంది. 2021లో తమిళనాడూ అదే చేసింది. మన దగ్గర ఎవరో చట్టం చేసేదాకా ఆగక్కర్లేదు, స్టూలు ఖరీదు ఒక మామూలు పట్టుచీర మీద వచ్చే లాభమంత కూడా ఉండదు.

తర్వాతది బాత్రూం. ఆడవాళ్లకి వేరేగా ఉండాలి, లోపల గడియ పడాలి, మూతున్న చెత్తడబ్బా ఉండాలి, తాళంచెవి మీ దగ్గర ఉండకూడదు. మా దగ్గర తాళం గల్లా పక్కన మేకుకి వేలాడేది. నా ముందుకొచ్చి అది తీసుకోవడం ఇష్టంలేక సగంమంది పొద్దుట్నించీ మంచినీళ్లు తాగడమే మానేశారని మా ఆవిడ చెబితేగానీ నాకు తెలియలేదు. ఇలాంటివి మగ యజమానికి ఎవరూ చెప్పరు. చెప్పగలిగే మనిషిని ఇంట్లోనో షాపులోనో ఒకరిని పెట్టుకోండి, వాళ్లు చెప్పినప్పుడు "ఎవరన్నారు?" అని మాత్రం అడక్కండి.

భోజనం గురించి ఒక్కటే మాట. క్యారేజీ విప్పిన మనిషిని మధ్యలో లేపకండి. ఇద్దరేసి, ముగ్గురేసి వంతులు వేసేస్తే చాలు.

ఇప్పుడు నేను చేసిన వెధవపని చెబుతాను. ఓ శ్రావణమాసం, వరలక్ష్మీ వ్రతం ముందురోజు. ఎంత రద్దీగా ఉంటుందో చీరల షాపు వాళ్లకి చెప్పక్కర్లేదు. రాత్రి స్టాకు సరిచూస్తే ఉప్పాడ జాందానీ ఒకటి తగ్గింది. ఖరీదు 8,500. ఆ కౌంటర్లో ఉన్నది కొత్తగా చేరిన అమ్మాయి. పది దాటింది. షట్టరు సగం దించి, అందరి ముందూ ఆమెని బ్యాగు తియ్యమన్నాను. ఖాళీ క్యారేజీ, గొడుగు, పిల్లాడికి కొన్న రెండు పెన్సిళ్లు, నలిగిన బస్సు టికెట్టు. ఆమె ఒక్క మాట అనలేదు. క్యారేజీ గిన్నెలు కూడా ఒక్కొక్కటీ విప్పి చూపించింది. అంతటితో ఆగానా, ఆ నెల జీతంలో వెయ్యి పట్టుకున్నాను.

పన్నెండు రోజుల తర్వాత పై అరలో చీరలు మడతలు మారుస్తుంటే జాందానీ ఇంకో చీర మడతలోంచి జారింది. ఆ అరలో సర్దింది ఎవరనుకున్నారు? ఆరోజు హడావిడిలో సాయం చేస్తానని కౌంటర్లోకి దిగిన నేనే. ఆమెని లోపలికి పిలిచి వెయ్యి తిరిగిచ్చి, తప్పయిందమ్మా అన్నాను. "బ్యాగు అందరి ముందూ చూశారు కదండీ" అంది, అంతే. మర్నాడు షట్టరు తీసి దీపం పెట్టాక అందరి ముందూ చెప్పాను. అయినా రెండు నెలలకి మానేసింది. తప్పు నాదే.

అప్పటి నుంచీ మా పద్ధతి ఇది. ఖరీదైన చీరల లెక్క వారానికోసారి కాదు, రోజూ సాయంత్రం ఇద్దరు కలిసి చూస్తారు. లెక్క తగ్గితే షాపు నష్టమే, ఎవరి జీతంలోనూ పట్టుకోం. బ్యాగులు చూడం. కెమెరాలు గుమ్మానికీ కౌంటర్లకీ మాత్రమే, భోజనాల గదిలో ఉన్నది పీకించేశాను. "మరి దొంగతనాలు పెరగలేదా?" అని పక్కషాపాయన అడుగుతుంటారు. మాకైతే పెరగలేదు. లెక్క రోజూ చూడటం వల్ల పొరపాట్లు ఆరోజే దొరికిపోతున్నాయి, అసలు గుట్టు అదేనని నా అనుమానం.

తిట్టడం విషయానికొస్తే, తిట్టకుండా నేనూ లేను. కానీ కస్టమర్ ముందు తిట్టకూడదు. కస్టమర్ తిడితే? యాభై చీరలు విప్పించి, చివరికి ఒకదాన్ని మొహాన విసిరినంత పని చేసిన ఆవిడతో "మా అమ్మాయితో అలా మాట్లాడకండమ్మా, కావాలంటే నేను చూపిస్తాను" అన్నాను. కొనకుండా వెళ్లిపోయింది. ఆ సాయంత్రం టీ తాగుతూ అందరూ ఆ బేరం గురించే మాట్లాడుకున్నారు. ఎన్ని బోనస్‌లిచ్చినా అంత హుషారు నేను చూడలేదు.

డబ్బు సంగతి. జీతం ఏ తారీకని చెప్పారో ఆ తారీకునే ఇవ్వండి, ఒకటో తారీకంటే ఒకటే. బేరాలు డల్‌గా ఉన్న నెలలో కూడా. జూన్‌లో స్కూలు ఫీజులకి అడ్వాన్సు అడుగుతారని మీకు ముందే తెలుసు కాబట్టి, మే నెలలోనే మీరే అడగండి. అడిగించుకోవడంలో మనకి ఓ చిన్న గొప్ప ఉంటుంది, దాన్ని వదులుకోవడం కష్టమే.

స్టాఫ్ పది మంది అయితే ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల బీమా, కట్టాలి. జీతం 21,000 లోపున్నవాళ్లకి వాళ్ల వంతు 0.75 శాతం, మన వంతు 3.25 శాతం. 13,000 జీతానికి మనకి పడేది నెలకి 423 రూపాయలు. ఇంటిల్లిపాదికీ వైద్యం దొరుకుతుంది. గ్రాట్యుటీ కూడా అంతే, ఐదేళ్లు నిండినవాళ్లు మానేసేటప్పుడు ఏడాదికి పదిహేను రోజుల జీతం లెక్క. నెల జీతాన్ని 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో గుణించాలి. 13,000 మీద ఇరవై ఏళ్లు చేసినవాళ్లకి లక్షన్నర. "మన బజార్లో ఎవరిస్తున్నారండీ?" అంటారు తోటివాళ్లు. ఒక్కసారిగా ఇవ్వాలంటే గుండె ఆగుతుంది గనక నెలనెలా కాస్త పక్కన పెట్టండి. ఆడవాళ్లతో ఇబ్బందిగా ప్రవర్తిస్తే ఫిర్యాదు వినడానికి కమిటీ కూడా పది మందికే తప్పనిసరి, 2013 చట్టం. దానికి పెద్దగా ఉండాల్సింది స్టాఫ్‌లోని సీనియర్ ఆడమనిషి, మీ బావమరిది కాదు.

చివరిగా ఎప్పుడు మొదలుపెట్టాలన్నది. ఆషాఢం సేల్‌లో, పెళ్లిళ్ల సీజన్లో ఏ కొత్త పద్ధతీ నిలవదు, రెండో రోజుకే అందరూ పాత అలవాటులోకి వెళ్లిపోతారు. మూఢంలో మొదలుపెట్టండి. ముహూర్తాలుండవు, షాపు ఖాళీగా ఉంటుంది, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి తీరిక ఉంటుంది. ఈ మూఢంలో నేను బాత్రూం గడియ మార్పించాలి. నెల్లాళ్ల నుంచీ అడుగుతున్నారు.