పాత మియాటాలో ఐడ్లింగ్ వణుకు, 3వ పాఠం: లెక్కలోకి రాని గాలి

మన మియాటా, అంటే మాజ్దా వాళ్ల చిన్న స్పోర్ట్స్ కారు, ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా బండి నిలబడి ఇంజన్ నడుస్తున్నప్పుడు, ఎందుకు వణుకుతుందో వెతుకుతున్నాం. పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారనుకుంటున్నా. ఇంజన్ బాగా వేడెక్కాక సిలిండర్లకి పెట్రోలు చిమ్మే నాలుగు ఇంజెక్టర్ల కనెక్టర్లు ఒక్కొక్కటే పీకి, మళ్లీ పెట్టి చూడమన్నాను కదా. ఏది పీకినా ఆర్‌పీఎం, అంటే ఇంజన్ తిరిగే వేగం, పడాలి, పడలేదంటే ఆ సిలిండర్ అసలు పని చేయట్లేదన్నమాట. ప్లగ్ వైర్లు పీకి చూడొద్దని మళ్లీ చెప్తున్నా, షాక్ గట్టిగా కొడుతుంది, కాయిల్ కూడా పాడవ్వొచ్చు. ఒక్క సిలిండరే పడుకుంటే ప్లగ్గు, వైరు, ఇంజెక్టర్ చూసుకోండి. 1-4 కలిసి గానీ 2-3 కలిసి గానీ పడుకుంటే కాయిల్ వైపు చూడండి, ఎందుకంటే ఈ బండిలో ఒక్కో కాయిల్ రెండేసి సిలిండర్లకి స్పార్క్ ఇస్తుంది. ఇలా సిలిండర్ పడుకున్నట్టు తేలినవాళ్లు రెండో పాఠం దగ్గరే ఉండండి, తొందరేం లేదు.

ఇవాళ్టి పాఠం మిగతావాళ్లకి. అంటే ఏ కనెక్టర్ పీకినా ఆర్‌పీఎం పడింది, నాలుగు సిలిండర్లూ పని చేస్తున్నాయి, అయినా సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ వణుకుతుంది, అద్దంలో వెనక బండి మసగ్గా కనిపిస్తుంది, ఆర్‌పీఎం సూది 850 దగ్గర నిలబడకుండా కిందకీ పైకీ ఊగుతుంది, హైవే ఎక్కితే మాత్రం బండి వెన్నలా పోతుంది. ఇలా ఉంటే నా మొదటి అనుమానం ఎప్పుడూ ఎయిర్ లీక్ మీదే.

మొన్నీమధ్యే చేరినవాళ్ల కోసం ఒక మాట. మనం నేర్చుకుంటున్నది మొదటి తరం మియాటా మీద, 1990 నుంచి 1993 మోడల్ వరకు అమెరికాలో అమ్మిన 1.6 లీటర్ బండి. మాజ్దా దీన్ని 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మొదటిసారి చూపించింది. అంటే లోపల ఒరిజినల్ రబ్బరు ఇంకా ఉంటే దాని వయసు 30 ఏళ్లు దాటిపోయింది, బానెట్ కింద వేడికి అన్నేళ్లు ఉడికిన రబ్బరు వడియంలా అయిపోతుంది, కాస్త వంచితే పెళుక్కుమంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఎయిర్ ఫిల్టర్ డబ్బాకి ఆనుకుని ఎయిర్ ఫ్లో మీటర్ ఉంటుంది, దాని లోపల చిన్న తలుపు లాంటి రేకు, స్ప్రింగుతో మూసుకుని ఉంటుంది. ఇంజన్ గాలి పీల్చినప్పుడు ఆ తలుపు ఎంత తెరుచుకుంటే అంత గాలి వెళ్లిందని కంప్యూటర్ లెక్క వేసుకుని దానికి తగ్గ పెట్రోలు కొడుతుంది. తలుపు దాటాక ఏ పైపుకో బెజ్జం పడితే అక్కడ నుంచి దూరే గాలి కంప్యూటర్ లెక్కలో ఉండదు, గాలి ఎక్కువైపోయి పెట్రోలు తక్కువవుతుంది, మిశ్రమం పలచబడుతుంది, ఇంజన్ అక్కడక్కడా మిస్ కొడుతుంది. ఆక్సిజన్ సెన్సర్ కొంతవరకు సర్దుతుంది గానీ దానికీ ఒక హద్దుంది. మరి హైవే మీద ఎందుకు తెలీదు అంటే, గ్లాసుడు నీళ్లు బిందెలో పోస్తే తెలీదు, చెంబులో పోస్తే పొర్లిపోతుంది, అంతే తేడా. ఐడ్లింగ్‌లో ఇంజన్ పీల్చేదే చెంబుడు గాలి.

ఒక జాగ్రత్త, ఈ లెక్క మీటర్ ఉన్న బండికి. మీటర్ లేకుండా మానిఫోల్డ్, అంటే సిలిండర్లకి గాలి పంచే గొట్టం, లోపలి ప్రెషర్ చూసి పెట్రోలు కొట్టే బళ్లలో దూరిన గాలి కూడా లెక్కలోకి వచ్చేస్తుంది, అందుకే అక్కడ వణుకు కంటే ఐడ్లింగ్ పైకి పోవడం ఎక్కువ కనిపిస్తుంది. వేరే బండి మీద ఈ పాఠం ప్రయత్నించేవాళ్లు ముందు మీ బండి ఏ రకమో తెలుసుకోండి.

వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలి? నేనైతే బానెట్ ఎత్తగానే ముందు భాగంలో ఇంజన్‌కి అడ్డంగా, మీటర్ దగ్గర నుంచి థ్రాటిల్ బాడీ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకుని గాలి వదిలే భాగం) దాకా పోయే లావుపాటి పైపు మీద చెయ్యి వేస్తాను. దాని రబ్బరు భాగాల్లో మడతలు మడతలుగా ఉంటుంది చూడండి, పగుళ్లు ఆ మడతల లోపల పడతాయి, అదీ కింద వైపు, పైనుంచి చూస్తే కొత్తదానిలా నిగనిగలాడుతుంది. నా 1991 బండిలో నాకు జరిగింది ఇదే. ఒక గ్యారేజీలో ప్లగ్గులు మార్చారు, వైర్లు మార్చారు, చివరికి థ్రాటిల్ బాడీ మీద రబ్బరు మూత తీసి ఐడిల్ స్క్రూ తిప్పి ఆర్‌పీఎం 1100కి పెంచి ఇచ్చేశారు, వణుకు తగ్గింది కదా అని నేనూ డబ్బులిచ్చి వచ్చేశా. రెండు నెలలు అలాగే తిరిగాను, పెట్రోలు ఎక్కువ తాగింది, సిగ్నల్ దగ్గర బ్రేక్ వదిలితే బండి ముందుకు లాగేది. ఒక ఆదివారం ఆ పైపు ఊడదీసి రెండు చేతులతో వంచి చూస్తే కింద మడతలో బొటనవేలంత చీలిక. అప్పటి నుంచి నాది ఒకటే పట్టు, లీక్ దొరికే వరకు ఆ స్క్రూ ముట్టుకోకూడదు. స్క్రూ తిప్పితే జబ్బు పోదు, కనిపించకుండా పోతుంది, తర్వాత వెతికేవాడికి దారి కూడా మూసుకుపోతుంది.

కాబట్టి ఇంజన్ ఆపి, చల్లారాక, క్లాంపులు వదులు చేసి పైపు బయటికి తీయండి. బండిలో ఉండగా టార్చి వేసి చూసి సరే అనుకోవద్దు. ఒక్కో మడత విప్పి వెలుతురుకి పట్టి చూడండి. చీలిక కనిపిస్తే శుభ్రంగా తుడిచి ఎలక్ట్రికల్ టేపు గట్టిగా నాలుగు చుట్లు చుట్టి పెట్టి స్టార్ట్ చేయండి, వణుకు పోతే దొంగ దొరికినట్టే. టేపు పరీక్ష కోసమే సుమా, కొత్త పైపు కొనాల్సిందే. ఇంకో సంగతి, ఈ పైపు బాగా ఊడిపోతే బండి స్టార్ట్ అయిన వెంటనే ఆగిపోతుంది, ఎందుకంటే పెట్రోలు పంపు నడపడానికి ఆ మీటర్ తలుపు లోపల ఒక స్విచ్ ఉంది, తలుపు తెరుచుకోకపోతే పంపు ఆగిపోతుంది. చాలామంది దీనికే పంపు పోయిందని కొత్త పంపు కొంటారు.

పైపు బాగుంటే సన్న హోసుల వంతు. వాల్వ్ కవర్‌లో దూర్చి ఉండే పీసీవీ వాల్వ్ (ఇంజన్ లోపలి ఆవిరిని మళ్లీ సిలిండర్లలోకి పంపే చిన్న కవాటం) తీసి చెవి దగ్గర ఊపండి, టకటకమనాలి, చప్పుడు లేకపోతే జిడ్డుతో బిగుసుకుపోయింది. ఇంజన్ నడుస్తుండగా దాని మూతికి వేలు అడ్డం పెడితే లాగుతున్నట్టు తెలియాలి. అది కూర్చునే రబ్బరు రింగు గట్టిపడిపోయి వదులుగా తిరుగుతుంటే ఆ రింగు కూడా మార్చేయండి. ఐడ్లింగ్‌లో ఆయిల్ మూత తీసి చూడటం ఇంకో చిట్కా, ఇంజన్ శబ్దం కాస్తైనా మారాలి, ఏమీ మారకపోతే గాలి ఇప్పటికే ఇంకో చోట నుంచి వస్తోందేమో అని అనుమానించండి. డిప్‌స్టిక్ సరిగ్గా కూర్చుందో లేదో కూడా చూడండి.

పెట్రోలు ఒత్తిడిని అదుపులో పెట్టే ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్‌కి ఒక సన్న హోసు పోతుంది, ఇంజన్ ఆపి దాన్ని పీకి లోపల చూడండి. తడిగా ఉన్నా పెట్రోలు వాసన గట్టిగా వచ్చినా రెగ్యులేటర్ లోపల డయాఫ్రం అనే పల్చటి పొర చిరిగింది. ఇది మన లీక్‌కి తలకిందులు వ్యవహారం, పెట్రోలు ఎక్కువై వణుకుతుంది, ప్లగ్గులు నల్లగా మసి పట్టి ఉంటాయి. బ్రేక్ బూస్టర్, అంటే ఇంజన్ పీల్పుతో బ్రేకు తొక్కడం తేలిక చేసే డబ్బా, చూడటానికి ఇంజన్ ఆపి పెడల్ ఐదారు సార్లు తొక్కి, కాలు నొక్కిపెట్టి ఉంచి స్టార్ట్ చేయండి, పెడల్ కొంచెం కిందకి దిగాలి. దిగకపోయినా, తొక్కినప్పుడు బుస్సుమన్నా అక్కడ లీకుంది, అది ఐడ్లింగ్ కంటే ముందు బ్రేకు సమస్య, ఆ బండి రోడ్డెక్కించకండి.

కంటికి కనిపించని లీకులకి, అంటే మానిఫోల్డ్ గాస్కెట్, ఇంజెక్టర్ల కింద ఓ-రింగులు, వీటికి స్ప్రే సీసాలో సబ్బు నీళ్లు పోసుకుని అనుమానం ఉన్న చోట కొంచెం కొంచెం కొట్టండి. లీక్ ఉంటే నీళ్లు లోపలికి పోయి ఇంజన్ శబ్దం ఒక్క క్షణం మారుతుంది. వెనక కాయిల్ మీద, కనెక్టర్ల మీద పడనివ్వొద్దు. బ్రేక్ క్లీనర్, కార్బ్ క్లీనర్ కొట్టేవాళ్లు ఉన్నారు, వేడి ఎగ్జాస్ట్ పక్కన అది మంటే, నేను మాత్రం చెప్పను. అగరుబత్తి వెలిగించి పొగ ఎటు పోతుందో చూడమని కూడా కొందరు చెప్తారు, పెట్రోలు ఆవిరి ఉండే చోట నిప్పు పెట్టుకుని నిలబడటం ఏమిటండీ, దయచేసి వద్దు. పొగతో చూడాలంటే స్మోక్ మెషిన్ ఉన్న షాపుకి వెళ్లండి. చున్నీ, వదులు చేతుల చొక్కా వేసుకుని మాత్రం నడుస్తున్న ఇంజన్ మీదకి వంగొద్దు, రేడియేటర్ ఫ్యాన్ చెప్పకుండా తిరుగుతుంది.

చివరిగా వాక్యూమ్ గేజ్, అంటే ఇంజన్ ఎంత గట్టిగా గాలి పీలుస్తోందో చూపించే మీటర్. ఇందాక చెప్పిన రెగ్యులేటర్ హోసుకి T ఆకారం పైపు ముక్క పెట్టి గేజ్ తగిలించండి. ఇంజన్ వేడిగా, ఏసీ, లైట్లు ఆపి ఉన్నప్పుడు సముద్ర మట్టానికి దగ్గర ఊళ్లలో ఆరోగ్యమైన ఇంజన్ 18 నుంచి 22 అంగుళాలు (పాదరసం కొలతలో) చూపిస్తుంది. ఎత్తు ప్రతి 1000 అడుగులకీ దాదాపు ఒక అంగుళం తగ్గుతుంది, కాబట్టి 5000 అడుగుల పైన ఉండే డెన్వర్‌లో ఉన్న మనవాళ్లు 5 అంగుళాలు తగ్గించి చూసుకోండి, ఊరికే కంగారు పడొద్దు. సూది కదలకుండా తక్కువ దగ్గరే నిలబడితే లీక్ గానీ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) వెనకబడటం గానీ అయ్యుండొచ్చు. తాళం వేసినట్టు ఒకే లయలో టక్కుమని పడి లేస్తుంటే ఒక వాల్వ్ సరిగ్గా మూసుకోవట్లేదని అనుమానించి కంప్రెషన్ టెస్టు (సిలిండర్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో చూసే పరీక్ష) చేయించుకోవాలి.

లీక్ దొరికి సరిచేశాక బ్యాటరీ నెగటివ్ తీసి, బ్రేక్ పెడల్ కాసేపు తొక్కి, మళ్లీ పెట్టండి, కంప్యూటర్ పాత సర్దుబాట్లు మర్చిపోతుంది. గేజ్ రీడింగు, ఆ రోజు ఆర్‌పీఎం ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి, వచ్చే పాఠంలో అవి కావాలి. అప్పుడు థ్రాటిల్ బాడీ కింద ఉండే ఐడిల్ వాల్వ్ తీసి కడుగుదాం, తర్వాత బానెట్ కింద ఉండే డయాగ్నస్టిక్ డబ్బాలో టీఈఎన్ (TEN), జీఎన్‌డీ (GND) అని రాసి ఉన్న రెండు పిన్నులు కలిపి, టైమింగ్ 10 డిగ్రీలకి పెట్టి, అప్పుడు తిప్పుదాం ఆ స్క్రూ. చిన్న వైరు ముక్క ఒకటి, టైమింగ్ లైటు ఒకటి సిద్ధం చేసుకోండి, లైటు కొనక్కర్లేదు, అమెరికాలో చాలా ఆటో పార్ట్స్ షాపుల్లో డిపాజిట్ కట్టి పనిముట్లు అరువు తెచ్చుకోవచ్చు, అడిగి చూడండి.