‘తొంభై శాతం కార్బన్ పట్టేస్తాం’ అంటే ఏమేం అడగాలి

థర్మల్ స్టేషన్ కెమికల్ ల్యాబ్‌లో నీళ్లు, బొగ్గు, పొగ పరీక్షించి రిటైరైనదాన్ని. మా ఇంటి పిల్లలు వార్త చూసినప్పుడల్లా “అత్తా, ఈ కార్బన్ క్యాప్చర్ మంచిదేనా?” అంటారు. బొగ్గు ప్లాంటు పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ని గాల్లోకి పోనీకుండా పట్టడమే అది. కంపెనీలు ‘తొంభై శాతం పట్టేస్తాం’ అంటాయి. లెక్క చూడందే చెప్పలేను. ఆ లెక్క మీరే వేసుకోవచ్చు, ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు.

ముందు, ఆ శాతం ఎంత పొగలోనో అడగండి. మధ్యప్రదేశ్‌లోని ఎన్టీపీసీ వింధ్యాచల్‌లో 2022లో రోజుకు 20 టన్నుల కార్బన్ డయాక్సైడ్ పట్టే ప్లాంటు మొదలైంది. దాన్ని కలిపింది 500 మెగావాట్ల యూనిట్‌కి. బొగ్గు యూనిట్ ఒక్కో మెగావాట్‌కి గంటకు సుమారు 0.9 టన్ను వదులుతుంది. అంటే ఫుల్ లోడ్‌లో గంటకు 450 టన్నులు. రోజంతా పట్టింది మూడు నిమిషాల పొగ కూడా కాదన్నమాట. ప్రయోగంగా అది కావలసిందే, నేను తప్పుపట్టను. హెడ్డింగులు చూస్తేనే నవ్వొస్తుంది.

తర్వాత, పట్టిందెంత, నిజంగా తగ్గిందెంత అని రెండు అంకెలూ విడిగా రాయించుకోండి. పొగలోని కార్బన్‌ని అమీన్ అనే రసాయనం కలిపిన ద్రావణం పీల్చుకుంటుంది. దాన్ని మళ్లీ వదిలించాలంటే ద్రావణాన్ని 120 డిగ్రీల దాకా వేడిచేయాలి. ఆ వేడికి కావలసిన స్టీమ్‌ని టర్బైన్ దగ్గర్నుంచే లాగుతారు, కరెంటు తగ్గుతుంది. అదే కరెంటు ఇవ్వాలంటే పావు వంతు బొగ్గు ఎక్కువ కాల్చాలనుకుందాం. మీటర్లో తిరిగే ఒక యూనిట్ కరెంటుకి 900 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వచ్చేచోట 1,125 వస్తుంది. అందులో 90 శాతం పడితే 1,012 గ్రాములు పట్టినట్టు, 113 గ్రాములు గాల్లోకి పోయినట్టు. తగ్గింది మాత్రం 787 గ్రాములే. కంపెనీ బోర్డు మీద కనపడేది 1,012.

స్టీమ్ ఎక్కడిదో కూడా అడగాలి. అమెరికాలో టెక్సస్‌లో పెట్రా నోవా అని ఉంది, 2017లో మొదలైంది. బొగ్గు యూనిట్‌లో 240 మెగావాట్లకు సరిపడా పొగని తీసుకుని శుద్ధిచేస్తుంది. దానికి వేడి కోసం విడిగా ఒక గ్యాస్ టర్బైన్ పెట్టారు. ఆ టర్బైన్ పొగని పట్టే ఏర్పాటు లేదు! పట్టిన కార్బన్‌ని పైపులో పంపి పాత చమురు బావుల్లోకి ఎక్కించి మరింత చమురు తోడారు. 2020లో చమురు ధర పడిపోగానే ప్లాంటు ఆపేశారు, మళ్లీ 2023లో తెరిచారు. అందుకే ‘పట్టినది చివరికి ఎక్కడికి పోతుంది, కొనేవాడు మానేస్తే ఏం చేస్తారు’ అన్న ప్రశ్న వదలొద్దు. వింధ్యాచల్‌లోలాగా దాంతో మిథనాల్ అనే ఇంధనం చేస్తే, అది కాలిన రోజున ఆ కార్బన్ తిరిగి గాల్లోకే వస్తుంది.

ఇక ల్యాబ్ మనిషిగా నేను పట్టుబట్టేది మిగతా కాలుష్యం మీద. పావు వంతు బొగ్గు పెరిగితే బూడిదా పావు వంతు పెరుగుతుంది. మన బొగ్గులో మూడోవంతు పైగా బూడిదే. కూలింగ్‌కి నీళ్లు బాగా పెరుగుతాయి, ఏ నది నుంచో, ఎండాకాలం ఎంతో అడగండి. అమీన్ చెడినప్పుడు అమ్మోనియా వస్తుంది, కొద్దిగా నైట్రోసమీన్లూ వస్తాయి. వీటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. నార్వేలో వీటికి గాలిలో ఘనపు మీటరుకు 0.3 నానోగ్రాములు దాటకూడదని సూచన పెట్టుకున్నారు. పాడైన అమీన్ మడ్డి ప్రమాదకర వ్యర్థం, ఎక్కడ పారబోస్తారో కాగితం మీద ఉండాలి.

ఒక లాభం కూడా ఉంది. సల్ఫర్ డయాక్సైడ్ తగిలితే అమీన్ పాడవుతుంది కాబట్టి ముందే దాన్ని దాదాపు పూర్తిగా కడగాలి. మన దేశంలో 2025 జూలైలో చాలా థర్మల్ కేంద్రాలకు సల్ఫర్ కడిగే ఎఫ్‌జీడీ నిబంధన సడలించారు. ఎఫ్‌జీడీ లేనిచోట కార్బన్ క్యాప్చర్ మాటెత్తితే మొదట దీని ఖర్చే అడగండి.

మీ దగ్గర ప్రజాభిప్రాయ సేకరణ పెడితే కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో కూడా దొరకాలి. సభలో మైకు మీ దాకా రాకపోవచ్చు. ప్రశ్నలు ముందే రెండు కాపీలు రాసుకెళ్లి, ఒకటి అక్కడిచ్చి రెండోదాని మీద ముద్ర వేయించుకోండి.